బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్ కొంటున్నారా? ముందు మీ కాలి పొడవు కొలవండి

వారానికి ఒకరైనా నాకు ఒక బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్ (పాదాలు బిగించి, తొడలు ప్యాడ్‌కి ఆనించి, ఒంటి పైభాగాన్ని కిందికి వంచి లేపే వ్యాయామ బల్ల) ఫోటో పంపి "ఇది తీసుకోవచ్చా అన్నా?" అని అడుగుతారు. ఫోటో చూసి నేను జవాబు చెప్పలేను. ఆ బెంచ్ మీ ఇంట్లో ఉన్న మనుషుల కాళ్లకు సరిపోతుందో లేదో ఫోటోలో కనిపించదు మరి. అందుకే అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే మాటలన్నీ ఒకచోట రాస్తున్నాను.

నా మొదటి బెంచ్ సంగతి ముందు చెప్పాలి. షాపుకి వెళ్లి ఎక్కి చూశాను, నాకు బాగానే కుదిరింది, కొనేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఎక్కింది. ప్యాడ్ ఆమె పొత్తికడుపు మీదికి వచ్చింది. దించుదామని చూస్తే ప్యాడ్ ఎత్తు మార్చే రంధ్రాల్లో అదే చివరిది, ఇక కిందికి దిగదు. అయినా కొన్నది వృథా కాకూడదని నాలుగు రోజులు అలాగే చేసింది. ఐదో రోజు పొద్దున నడుం పట్టేసి మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఆమె చేసిన తీరులో తప్పేమీ లేదు, బెంచ్ ఆమె కొలతది కాదు, అంతే. కొనేముందు ఒక్క టేపు తీసి ఉంటే ఆ వారం మాకు ఆ బాధ ఉండేది కాదు.

సిద్ధాంతం ఒక్క పేరాలో చెప్పేస్తాను. ప్యాడ్ పై అంచు తుంటి మడతకు కాస్త కింద ఉంటే శరీరం తుంటి దగ్గర వంగుతుంది. అప్పుడు పిరుదులు, తొడ వెనక కండరాలు పని చేస్తాయి, వెన్ను పొడవునా ఉండే కండరాలు నడుమును నిటారుగా పట్టి ఉంచుతాయి. ప్యాడ్ పొట్ట మీదికి వస్తే తుంటికి కదిలే చోటు ఉండదు. కిందికి వంగాలంటే నడుము దగ్గరి పూసలే వంగాలి. వెన్నును కావాలనే అలా గుండ్రంగా వంచి చేసే పద్ధతి కూడా ఉంది కానీ అది అనుభవం ఉన్నవాళ్లకి, కోచ్ పక్కన ఉన్నప్పుడు.

ముందుగా ఒక హెచ్చరిక. డిస్క్ జారిందని చెప్పినవాళ్లు, నడుము నుంచి కాలిలోకి నొప్పి లాగేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడగకుండా ఈ బెంచ్ కొనవద్దు. బీపీ అదుపులో లేనివాళ్లు, కంటిలో ప్రెషర్ (గ్లాకోమా) ఉన్నవాళ్లు తల కిందికి వేలాడే రకం జోలికి అసలు వెళ్లవద్దు. నడుం నొప్పి తగ్గుతుందనే ఆశతో చాలామంది కొంటున్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కావలసినవి

స్టీలు టేపు ఒకటి, సుద్దముక్క, పెన్సిలు, వంకర లేని చీపురు కర్ర, ఫోన్. 5 కిలోల జిమ్ ప్లేటు గానీ, అంత బరువున్న బియ్యం సంచి గానీ. వెర్నియర్ (పైపు మందం కొలిచే సాధనం) దొరికితే మంచిది, పక్కింటి మెకానిక్ దగ్గరో ఇంజినీరింగ్ చదివే పిల్లల దగ్గరో అడగండి. బెంచ్ వచ్చాక బిగించడానికి 13, 17, 19 సైజు పానాలు.

1. అసలు అవసరమా, చూసుకోండి

రెండు వారాలు బెంచ్ లేకుండా చేసి చూడండి. బోర్లా పడుకుని శలభాసనం వేయండి, అంటే ఛాతీ, కాళ్లు నేల మీద నుంచి కొద్దిగా లేపి పది అంకెలు లెక్కపెట్టడం. దాంతోపాటు చీపురు కర్ర వీపుకి ఆనించి పట్టుకుని, నిలబడి తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి. కర్ర తల వెనక, భుజాల మధ్య, నడుము చివర మూడు చోట్లా తగులుతూనే ఉండాలి. వంగినప్పుడు ఒక్కచోట విడిచినా వెన్ను వంగిందని అర్థం. ఈ కర్ర పరీక్ష రానివాళ్లకు బెంచ్ ఎక్కినా రాదు.

వారానికి రెండు మూడు రోజులు ఈ రెండూ విడవకుండా చేయగలిగితే బెంచ్ కొనండి. రెండో వారానికే ఆగిపోయారంటే ఆ డబ్బుతో ఇంకేదైనా పని చూసుకోండి. బట్టలు ఆరేసుకునే స్టాండుగా మారిన బెంచ్‌లు నేను చాలా ఇళ్లలో చూశాను, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

2. ఇంట్లో వాడే ప్రతి ఒక్కరి కొలతా తీయండి

ఈ గైడ్ మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే, ఇక్కడ తొందరపడకండి.

వ్యాయామానికి ఏ బూట్లు వేసుకుంటారో అవే వేసుకుని గోడకి ఆనుకుని నిలబడండి. ఒక మోకాలు పైకి లేపండి. తొడ, పొత్తికడుపు కలిసేచోట మడత పడుతుంది. అక్కడ వేలు పెట్టి ఉంచి కాలు కిందికి దించండి. ఆ వేలు ఉన్న చోటు నుంచి మడమ దాకా ఎంత ఉందో ఇంకొకరిని కొలవమనండి. సొంతంగా వంగి కొలుచుకుంటే మడత జరిగిపోయి కొలత తప్పుతుంది.

నాకు 91 సెంటీమీటర్లు వచ్చింది, మా ఆవిడకు 78. ఇందులోంచి 3 తీసేయండి. నాకు 88, ఆమెకు 75. బెంచ్ మీద పాదం ఆనే పలక నుంచి ప్యాడ్ పై అంచు దాకా, కాలు ఉండే వాలులోనే కొలిస్తే, రావలసిన దూరం అది. అంటే మా ఇంటికి కావలసింది 75 నుంచి 88 దాకా జరిగే బెంచ్. నా మొదటి బెంచ్ 83 కంటే కిందికి దిగదు. ఆ సంగతి కొన్న తరవాత కొలిస్తేనే తెలిసింది.

ఈ అంకె చాలా కంపెనీల వాళ్లు పెట్టె మీద రాయరు. "5 అడుగుల నుంచి 6 అడుగుల 3 అంగుళాల వరకు సరిపోతుంది" అని మాత్రం రాస్తారు. దాన్ని నమ్మి కొనకండి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఒకరికి మొండెం పొడవు ఉంటుంది. మీ బావ ఎత్తూ మీ ఎత్తూ ఒకటే అయినంత మాత్రాన ఆయన బెంచ్ మీకు సరిపోతుందనుకోవద్దు.

బరువు కూడా రాసుకోండి. ఇంట్లో అందరికంటే బరువైన మనిషి బరువుకి, మున్ముందు చేత్తో పట్టుకోబోయే ప్లేటు బరువు కలపండి. 85 కిలోల మనిషి, 15 కిలోల ప్లేటు అనుకుంటే 100. బెంచ్ మీద రాసిన మోసే బరువు దానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 150 కిలోలు ఉండాలన్నది నా లెక్క. రాసిన బరువు సాధారణంగా కదలకుండా నిలబెట్టిన బరువు. మనం పైకీ కిందికీ కదులుతాం కదా.

3. గదిలో సుద్దముక్కతో గీయండి

45 డిగ్రీల బెంచ్ (కాళ్లు నేలకు 45 డిగ్రీల వాలులో ఉండే రకం) సుమారుగా 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఆక్రమిస్తుంది. కానీ చోటు అంతే సరిపోదు. మీ తల, చేతులు బెంచ్ ముందుకి చాచుకుంటాయి, ముందు ఇంకో 3 అడుగులు ఖాళీ కావాలి. ఎక్కి దిగడానికి ఒక పక్కన 2 అడుగులు. ఇదంతా నేల మీద సుద్దతో గీసి రెండు రోజులు అలాగే వదిలేయండి. బీరువా తలుపు తెరుచుకుంటుందా, పిల్లలు ఆ దారిలోనే పరిగెత్తుతారా, ఇల్లు తుడిచే ఆవిడకు అడ్డమా, అన్నీ ఆ రెండు రోజుల్లో తెలిసిపోతాయి.

సీలింగ్ ఫ్యాన్ సంగతి దాదాపు ఎవరూ ఆలోచించరు. 45 డిగ్రీల బెంచ్‌కి దీనితో ఇబ్బంది లేదు. కానీ జీహెచ్‌డీ (గ్లూట్ హ్యామ్ డెవలపర్) అనే పెద్ద రకం తీసుకుంటే, దాని మీద గ్లూట్ హ్యామ్ రైజ్ అనే వ్యాయామం చేసేటప్పుడు ప్యాడ్ మీద మోకాళ్లు ఆనించి నిటారుగా లేస్తారు. ప్యాడ్ నేల నుంచి మీటరు దరిదాపుల్లో ఉంటుంది, ఆ పైన మోకాళ్ల మీద నిలబడ్డ మనిషి ఎత్తు. రెండూ కలిపితే తల 2.3 మీటర్లకు చేరవచ్చు. పాత అపార్ట్‌మెంట్లలో ఫ్యాన్ రెక్కలు దాదాపు అక్కడే తిరుగుతుంటాయి. టేపు పెట్టి కొలిచి, ఫ్యాన్ కింద పడని మూల చూసుకోండి.

బాల్కనీలో పెడతామనే వైజాగ్, కాకినాడ వాళ్లకు ఒక మాట. సముద్రపు గాలి పైపు బయటి రంగును తర్వాత చూసుకుంటుంది, ముందు పైపు లోపలికి, బోల్టు మరల్లోకి దూరుతుంది. పైన నున్నగా ఉన్న పైపు లోపల తుప్పు పట్టి ఉంటుంది. బెంచ్‌ను గదిలోనే పెట్టండి.

4. రకం తేల్చుకోండి

మన దగ్గర రోమన్ చైర్, హైపర్ ఎక్స్‌టెన్షన్, బ్యాక్ బెంచ్ అని ఏ పేరు పడితే ఆ పేరుతో అమ్ముతారు. పేరుని బట్టి కొనకండి, వెతికేటప్పుడు మాత్రం అన్ని పేర్లతోనూ వెతకండి.

*45 డిగ్రీల బెంచ్.* పది ఇళ్లలో తొమ్మిదింటికి నేను చెప్పేది ఇదే. ఎక్కడం, దిగడం తేలిక. తల మరీ కిందికి వేలాడదు. నడుము పైభాగం నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు భారం ఎక్కువ, పైకి వచ్చేసరికి కొంత తగ్గుతుంది. కొత్తవాళ్లకు ఇది మంచిదే, పైన కాస్త ఊపిరి పీల్చుకునే వీలు ఉంటుంది.

*సమాంతరంగా ఉండేది.* చాలామంది దీన్ని 90 డిగ్రీలది అంటారు. పైకి వచ్చినప్పుడు శరీరం నేలకు సమాంతరంగా ఉంటుంది, భారం అక్కడే అత్యధికం. కిందికి వెళ్తే తల నేల వైపు వేలాడుతుంది. 45 మీద బాగా అలవాటు పడ్డాక తీసుకోవాల్సింది.

*జీహెచ్‌డీ.* మంచి సామాను, బరువైన సామాను. పెద్ద చోటు, పెద్ద ఖర్చు. బరువులు ఎత్తే ఆట నేర్చుకుంటున్నవాళ్లకు తప్ప ఇంటికి అవసరం లేదని నా అభిప్రాయం.

*మడతపెట్టేది.* చోటు తక్కువున్న ఇంట్లో దీని మీదే మనసు పోతుంది. తప్పు లేదు. కానీ మడత పడే ప్రతి కీలూ కాలక్రమంలో వదులవుతుంది. ఒంటి బరువుతో మాత్రమే చేస్తాను, ప్లేటు పట్టుకోను అనుకుంటేనే తీసుకోండి.

*అన్నీ కలిపినది.* డిప్స్ రాడ్లు, బైసెప్స్ ప్యాడ్, పొట్ట వ్యాయామం బల్ల, బ్యాక్ ఎక్స్‌టెన్షన్, నాలుగూ ఒకే దాంట్లో. నేను చూసినంతలో వీటిలో ప్యాడ్ ఎత్తు మార్చే రంధ్రాలు తక్కువ, పాదం పలక చిన్నది. అంటే మనకు కావలసినవే కోసేసి మిగతావి కలుపుతున్నారు. వద్దనే చెబుతాను.

రివర్స్ హైపర్ గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్‌లో వెస్ట్‌సైడ్ బార్‌బెల్ జిమ్ నడిపిన లూయీ సిమన్స్ ప్రచారంలోకి తెచ్చిన యంత్రం అది. అందులో మొండెం కదలదు, కాళ్లు ఊగుతాయి. వేరే పని, వేరే యంత్రం, ఈ బెంచ్‌కి బదులుగా చూడకండి.

5. షాపులో ఈ పరీక్షలు చేయండి

మొహమాటం వద్దు. నచ్చితే డబ్బు ఇచ్చేది మనం. ఎక్కి చూడనివ్వని షాపు నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి.

టేపు తీసి పాదం పలక నుంచి ప్యాడ్ పై అంచు దాకా కొలవండి. ఒకసారి చివరి కింది రంధ్రంలో, ఒకసారి చివరి పై రంధ్రంలో. మీ ఇంటి అంకెలు రెండూ ఆ మధ్యలో పడాలి. రంధ్రానికీ రంధ్రానికీ దూరం 3 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. 5 ఉంటే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయి మధ్యలో ఇరుక్కుంటారు.

రంధ్రంలో పిన్ను పెట్టి ప్యాడ్‌ని రెండు చేతులతో పట్టుకుని ఊపండి. టకటకమని చప్పుడు వస్తే రంధ్రం పిన్ను కంటే పెద్దది. కొత్తదే ఇలా ఉంటే ఆరు నెలల్లో ఇంకా వదులవుతుంది. పిన్ను మీద విడిగా తిప్పి బిగించుకునే నాబ్ ఉంటే ఈ ఊపు పోతుంది, అలాంటిది వెతకండి.

అరచేతి మడమతో ప్యాడ్‌ని గట్టిగా నొక్కండి. లోపలి ప్లైవుడ్ గట్టిగా తగిలిందంటే స్పాంజి నాసిరకం. ముఖ్యంగా పై అంచు దగ్గర నొక్కండి. మీ బరువు ఆగేది అక్కడ, షాపువాళ్లు నొక్కి చూపించేది మధ్యలో. ప్యాడ్ రెండు ముక్కలుగా, మధ్యలో సందుతో ఉంటే మగవాళ్లకు చాలా సౌకర్యం. ఒకే పలక ఉన్న బెంచ్ మీద ఇబ్బంది పడి, బయటికి చెప్పుకోలేక మానేసినవాళ్లు ఉన్నారు.

పాదం కింద వెడల్పాటి, గరుకు పలక ఉండాలి. కొన్ని చౌక బెంచ్‌లలో పలక ఉండదు, రెండు పైపు ముక్కలు ఉంటాయి. వాటి మీద పది సార్లు చేసేసరికి అరికాలు మండుతుంది. మడమ పైన పట్టే రోలర్లు లావుగా ఉండాలి, మడమకి కాస్త పైన ఆనాలి. పిక్క మధ్యలో నొక్కుకుంటే ఆ బెంచ్ మీది కాదు.

చివరగా, బెంచ్ తిరగబడుతుందేమో చూసే పరీక్ష. బెంచ్ ఎక్కి, ఛాతీ దగ్గర 5 కిలోలు పట్టుకుని, నేలకు సమాంతరంగా వచ్చి ఆగండి. తోడు వచ్చినవాళ్లను కింద కూర్చుని మీ పాదాల వైపు ఉన్న బెంచ్ కాళ్లు చూడమనండి. అవి నేల నుంచి వెంట్రుకవాసి లేచినా ఆ బెంచ్ వద్దు. రేపు 15 కిలోలతో ముందుకి తిరగబడుతుంది.

పైపు మందం చూడాలంటే చివర ప్లాస్టిక్ మూత లాగి వెర్నియర్ పెట్టండి. 2 మిల్లీమీటర్లు ఉంటే ఇంటికి చాలు, 3 ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. ఒకటిన్నర కంటే తక్కువైతే వదిలేయండి. వెల్డింగ్ పూత చుట్టూ తిరిగి మూసుకుని ఉండాలి. రెండు చుక్కలు పెట్టి రంగు వేసేసిన అతుకులు వేలు పెట్టి తడిమితే ఇట్టే తెలుస్తాయి.

6. షాపు దగ్గరలో లేకపోతే

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్లకు ఒకే ప్రశ్న పంపండి: "పాదం పలక నుంచి ప్యాడ్ పై అంచు వరకు కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత? టేపు పెట్టి ఫోటో పంపగలరా?" పంపినవాళ్ల దగ్గరే కొనండి. బెంచ్ సొంత బరువు కూడా చూడండి. 150 కిలోలు మోస్తుందని రాసి, బెంచ్ మాత్రం 10, 12 కిలోలే ఉంటే లోపల పైపు పలచన. ఈ బరువైన పెట్టెలు వెనక్కి పంపడం చాలా కష్టం కాబట్టి తిరిగి తీసుకునే ఖర్చు ఎవరిదో ముందే చదువుకోండి. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయండి.

సెకండ్ హ్యాండ్ మంచి దారే. మూతపడ్డ జిమ్‌ల సామాను ఇంటి సామాను కంటే గట్టిగా ఉంటుంది. రెండు చోట్ల మాత్రం కళ్లు పెట్టండి. పిన్ను దిగే రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా? సాగితే ఎంత చవకైనా వద్దు. రెండోది, అతుకుల దగ్గర రంగు సన్నటి గీతలా చీలిందా? ఆ గీత కింద ఇనుము కూడా చీలి ఉండవచ్చు. రెక్సిన్ చిరిగిందని మాత్రం వెనక్కి తగ్గకండి. సీటు కవర్లు కుట్టేవాళ్లు ఒక్క పూటలో కొత్త స్పాంజి వేసి కుట్టేస్తారు.

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్ వైపో తెలిసిన వెల్డింగ్ షాపు ఉంటే చేయించుకోవచ్చు. ఇంట్లో అందరి కొలతలకూ సరిగ్గా వస్తుంది, అది పెద్ద లాభం. 50 మిల్లీమీటర్ల చదరపు పైపు, మందం కనీసం 2 అని చెప్పండి. ఫోటో ఇచ్చి చేయమనకండి, దగ్గర్లోని జిమ్‌లో మంచి బెంచ్‌ని అన్ని వైపులా కొలిచి ఆ అంకెలు ఇవ్వండి. ముందు వైపు ఆనే అడ్డపైపు ప్యాడ్ కంటే ముందుకి రావాలి, లేకపోతే తిరగబడుతుంది. రంగు వేయకముందే ఒకసారి ఎక్కి చూడండి. రంగు వేశాక కోసి అతికించమంటే ఏ వెల్డరుకైనా విసుగే.

7. బిగించడం

బోల్టులన్నీ మొదట చేత్తోనే పెట్టండి, పానా ముట్టుకోకండి. అన్నీ ఎక్కాక బెంచ్‌ని సమంగా ఉన్న నేల మీద పెట్టి, నాలుగు మూలలూ ఆనాయని చూసుకుని, అప్పుడు కింది నుంచి పైకి బిగించండి. ఒక్కొక్కటీ వెంటనే బిగించేస్తే ఫ్రేము మెలిపడి ఒక కాలు గాల్లో ఉంటుంది. అది బెంచ్ తప్పని వెనక్కి పంపినవాళ్లు నాకు తెలుసు.

టైల్స్ మీద అయితే కింద 8 లేదా 10 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ వేయండి. జారదు, కింది పోర్షన్ వాళ్లకు చప్పుడు వెళ్లదు. వారం వాడాక ఒకసారి అన్ని బోల్టులూ మళ్లీ బిగించండి, ఆ తర్వాత నెలకోసారి.

8. ప్యాడ్ ఎక్కడ పెట్టాలి

రెండో మెట్టులో వచ్చిన అంకెకు పెట్టండి. ఎక్కి నిలబడి, బొటనవేలు తుంటి మడతలో పెట్టండి. ప్యాడ్ అంచు దానికి రెండు వేళ్ల కింద ఉండాలి. ఇంట్లో ఒక్కొక్కరి రంధ్రం పక్కన ఒక్కో రంగు టేపు అతికించండి. మా ఇంట్లో నాది నీలం, మా ఆవిడది ఎరుపు. రోజూ లెక్కపెట్టుకునే పని ఉండదు.

ఇప్పుడు చేతులు ఛాతీ మీద కట్టుకుని, నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి వెళ్లండి. వీపు గుండ్రం అవడానికి ముందే ఆగి పైకి రండి. తల నుంచి మడమ దాకా ఒకే గీతలా వచ్చాక ఆగిపోండి. ఇంకా పైకి, విల్లులా వెనక్కి వంగకండి. జిమ్‌లలో అందరూ చేసే తప్పు ఇదే, పైకి ఎంత లేస్తే అంత మంచిదనుకుంటారు.

పక్క నుంచి ఫోన్‌తో వీడియో తీయండి. చూసేటప్పుడు వేలు తుంటి మీద పెట్టండి. ఒళ్లు ఆ చుక్క దగ్గర తలుపు బందులా మడిచినట్టు కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. దానికి జానెడు పైన, నడుము దగ్గర మడత కనిపిస్తే ప్యాడ్ ఒక రంధ్రం దించండి. అలాగే తుంటి జారి కిందికి పడిపోతున్నట్టు, భారమంతా తొడల ముందువైపు నొక్కుతున్నట్టు అనిపిస్తే ఒక రంధ్రం పెంచండి.

9. మొదటి నాలుగు వారాలు

వారానికి రెండు రోజులు, రోజుకి రెండు సెట్లు, సెట్టుకి 8 సార్లు. ప్లేటు వద్దు. "ఒట్టి ఒళ్లేగా" అనుకోకండి. తల, చేతులు, మొండెం కలిపితే మన బరువులో సగానికి పైగా ఉంటుంది. 75 కిలోల మనిషి ఖాళీ చేతులతో చేసినా 40 కిలోల దాకా లేపుతున్నట్టే.

12 సార్లు తడబడకుండా మూడు సెట్లు వచ్చాక 5 కిలోలు ఛాతీకి హత్తుకుని పట్టుకోండి. మెడ వెనక పెట్టుకోవద్దు. ఊపుతో లేవద్దు. ఊపుతో లేస్తున్నారో లేదో తేల్చడానికి, కింద ఒక్క సెకను ఆగి లేవండి. లేవలేకపోతే అంతకుముందు ఊపే లేపిందన్నమాట.

మర్నాడు పిరుదుల్లో, తొడ వెనక పట్టినట్టు ఉంటే సరైన చోట పని జరిగింది. నడుము కండరం కాస్త బిగుసుకున్నట్టు ఉన్నా టెన్షన్ పడక్కర్లేదు, రెండు రోజుల్లో పోతుంది. సూదితో పొడిచినట్టు నొప్పి, కాలిలోకి దిగే తిమ్మిరి, దగ్గితే నడుము పట్టేయడం, ఇవి మాత్రం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు.

10. ఫలితం వచ్చిందా, ఎలా తెలుస్తుంది?

డెన్మార్క్ వైద్యుడు బియరింగ్-సోరెన్‌సన్ 1984లో ప్రచురించిన అధ్యయనం వల్ల పేరొందిన చిన్న పరీక్ష ఒకటి ఉంది, ఈ రోజుకీ ఫిజియోథెరపిస్టులు వాడతారు. దీనికి బెంచ్ కూడా అవసరం లేదు. గట్టి మంచం అంచున బోర్లా పడుకోండి, తుంటి దాకా మంచం మీద, ఆ పైభాగం బయట. కాళ్లను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒంటిని నేలకు సమాంతరంగా ఎంతసేపు నిలపగలరో చూడండి. నిలపలేక కిందికి వాలిపోతే గడియారం ఆపేయాలి. అసలు పరీక్షలో 240 సెకన్లు దాటితే ఆపేస్తారు. కింద ఒక దిండు వేసుకోండి, పట్టుకున్న మనిషి నవ్వకుండా ఉండాలి.

బెంచ్ కొన్న రోజే చేసి సెకన్లు తేదీతో సహా బెంచ్ పక్క గోడ మీద పెన్సిలుతో రాయండి. ఆరు వారాలకు మళ్లీ చేయండి. మా ఆవిడ కొత్త బెంచ్ మీద మొదలుపెట్టిన రోజు 41 రాసింది, ఆరు వారాలకు 78. గోడకి సున్నం వేయించినప్పుడు ఆ ఒక్క చోటు వదిలేయమంది.

మీ అంకె ఆరు వారాలకూ కదలకపోతే బరువు పెంచే ముందు మళ్లీ వీడియో తీయండి. మడత తుంటి దగ్గరే పడుతోందా చూడండి. పడకపోతే ప్యాడ్ ఇంకొక రంధ్రం దించి, ప్లేటు పక్కన పెట్టి, రెండు వారాలు ఖాళీ చేతులతో చేయండి.